లైట్లు వెలుగుతున్నాయండీ!

తొంభైల చివర్లో మాట. పొగమంచులో లైట్లు వెయ్యడం మర్చిపోతున్నానని, తాళం తిప్పగానే ఫాగ్ లైట్లు వెలిగేలా మా పాత కారుకి విజయవాడలో వైరింగ్ చేయించాను. "విడిగా స్విచ్ కూడా పెట్టించుకోండి సార్" అని మెకానిక్ మొత్తుకున్నా వినలేదు.

ఇక చూడండి, పట్టపగలు ఎదురొచ్చిన ప్రతివాడూ వేళ్లు మూసి తెరుస్తూ లైట్లు వెలుగుతున్నాయని సైగ చేయడమే! కొన్నాళ్లు తలూపాను. తర్వాత విసుగొచ్చి అటు చూడ్డమే మానేశాను.

ఒక ఆదివారం మా ఐదేళ్ల పాపతో చల్లపల్లి నుంచి కూచిపూడి వెళ్తున్నాను. పాప వెనక సీట్లో నిద్రపోయింది. దారిలో ఇద్దరు సైకిళ్లవాళ్లు చేతులూపారు. నేను పట్టించుకోలేదు. కాస్త ముందుకెళ్లాక, చేపలమ్మే ఒకామె నెత్తిమీది గంప దించి రోడ్డుకి అడ్డంగా పెట్టేసింది.

బండి ఆపి, "లైట్లేగా! తెలుసమ్మా, తప్పుకో" అని కసిరాను.

"లైట్లు కాదు బాబూ, పిల్ల!" అంటూ వెనక్కి పరిగెత్తింది.

వెనక తలుపు తెరుచుకుని ఊగుతోంది. పాప తల బయటికి వేలాడుతోంది. నేను దిగేలోపే ఆమె రెండు చేతులతో పిల్లని లోపలికి జరిపింది. దండం పెట్టాను.

"నిదానంగా పో బాబూ" అని గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

మర్నాడే స్విచ్ పెట్టించాను. పాప పెద్దదైపోయింది, ఇప్పుడు నా వెనక సీటు ఖాళీ. అయినా రోడ్డు మీద ఎవరు చెయ్యూపినా, బండి ఆపి ముందుగా వెనక తలుపే చూస్తాను.