ఒంటి సాక్సుల భీమేశ్వరరావు

భీమేశ్వరరావుకు ఒకటే పిచ్చి. తెల్లాపూర్‌లోని మా గేటెడ్ కమ్యూనిటీలో కనిపించిన ప్రతి కుక్కకూ సాక్సులు తొడగాలి. కుక్క ఎవరిదైనా సరే, కాళ్లు మాత్రం ఆయనవే.

పొద్దున్నే బెల్లు మోగుతుంది. తలుపు తీస్తే ఒక చేతిలో చీపురు, ఒక చేతిలో సంచీ. "ఒంటి సాక్సు ఏమైనా ఉందాండి?" ఆయనది అమలాపురం వైపు, సర్కారు కొలువు చేసి రిటైరైన మనిషి. సాఫ్ట్‌వేర్ ఇళ్లలో జత దొరకడం కష్టం గానీ ఒంటి సాక్సులకు కరువా? మా అల్లుడి అలమారలోనే సంచెడు దొరికాయి.

"రెండోవి ఏమయ్యాయండీ?" అన్నాడు ఆశ్చర్యంగా.

"ల్యాప్‌టాప్ తినేసుంటుంది సామీ" అన్నాను. నేను మూడో తరగతితోనే బడికి దండం పెట్టినదాన్నే, అయినా నా బట్టల్లో ఒక్క రవిక గుడ్డ తప్పిపోదు.

ఈ పిచ్చి ఎండాకాలం మొదట్లో అంటుకుంది. మా తోటలో కానుగ చెట్టుకు పెద్ద తేనెపట్టుంది. పూలు దారంతా రాలతాయి, వాటి మీద తేనెటీగలు వాలతాయి, కుక్కలు పోయి తొక్కుతాయి. ఒక కుక్క కుంటుతూ ఇల్లు చేరేసరికి కమిటీ ప్రెసిడెంటు ఎల్లేశం మీటింగులో లేచాడు.

"ఇంకొక్క కుక్కను కుట్టిందంటే పట్టుకు పొగ పెట్టిస్త. ఇగ మాట లేదు."

మర్నాడే భీమేశ్వరరావు సంచీతో బయలుదేరాడు.

కుక్కలంటే ఎంత ప్రేమో అనుకున్నాం. సాక్సు తొడిగేటప్పుడు కళ్లు మూసుకుని దేవుణ్ని కూడా తలుచుకునేవాడు. పులిలాంటి డాబర్‌మాన్ ఒక కాలికి కంపెనీ బొమ్మ వేసిన సాక్సు, ఒక కాలికి పసిపాప గులాబీ సాక్సు వేసుకుని పెళ్లికి పోతున్నట్టు నడిచేది. ముందు ఈయన పూలు ఊడుస్తూ, తేనెటీగలకు కూడా మర్యాద తప్పకుండా, "కాస్త తప్పుకోండమ్మా, వాళ్లు వస్తున్నారు" అనేవాడు.

ఒక ఆదివారం మా కుక్క లడ్డూ నాలుగు కాళ్లకూ సాక్సులతో తోటలోకి దిగింది. కానీ కుక్క వాసన చూసేది కాళ్లతో కాదు కదా! ఊడ్చిన పూలకుప్పలో మూతి పెట్టి కెవ్వుమంది. చూస్తుండగానే ముక్కు పక్కన బూరెలా ఉబ్బింది.

"ఏందయ్యా నీ కాపలా?" అని అరిచాను.

"గట్టి కార్డు ఏదైనా ఇవ్వండి!"

గేటు కార్డిచ్చాను. దాని అంచుతో ముల్లును మెల్లగా గీకి తీసేశాడు. "గిల్లకూడదండి, విషం ఇంకా దిగుతుంది." సంచీలోని సాక్సు చల్లటి నీళ్లలో తడిపి వాపు మీద ఒత్తాడు. నా కూతురు హరిత కుక్కల డాక్టరుకు ఫోన్ చేసింది. ఊపిరి బాగా తీస్తుంటే భయం లేదు, వాపు పాకితే వెంటనే తీసుకురమ్మన్నాడాయన. కాసేపటికి లడ్డూ తోక ఊపింది. నాకూ ప్రాణం లేచొచ్చింది.

భీమేశ్వరరావు చేతులు మాత్రం వణుకుతూనే ఉన్నాయి.

"కుక్క బాగుంది కదయ్యా, ఇంకా వణుకెందుకు?"

"నాకు కుక్కలంటే చచ్చేంత భయమండి."

"మరి ఈ సాక్సులు?"

ఆయన కానుగ చెట్టు మీది తేనెపట్టు వైపు చూశాడు. "కుక్కలకు ఏమీ కాకపోతేనే కదండీ వాళ్లను ఉండనిస్తారు? ఈ టవర్ల మధ్య వాళ్లకింకో చెట్టెక్కడుందమ్మగారూ?"

ఇంతలో ఎల్లేశం రానే వచ్చాడు.

"ఏంది పెద్దమ్మా, కుక్క మూతి గట్లుబ్బింది? తేనెటీగనా?"

భీమేశ్వరరావు ముఖంలో నెత్తురు లేదు.

"తేనెటీగా లేదు, దోమా లేదు. మా కడప ఎర్రకారం నాకింది."

"గంత కారమా?"

"ఇంట్లో ఉంది, నీకూ ఒక ముద్ద కలిపి పెట్టనా నాయనా?"

ఎల్లేశం లడ్డూను చూశాడు, తడి సాక్సును చూశాడు, తలెత్తి చెట్టును చూశాడు. మీసం చాటున నవ్వాడు. "జర కారం డబ్బా పైన పెట్టు పెద్దమ్మా. ఇంకో కుక్క గిట్ల నాకితే నాతోని గాదు."

ఆయన వెళ్లాక భీమేశ్వరరావు పూలకుప్ప పక్కనే చతికిలబడి హమ్మయ్య అన్నాడు. లడ్డూ పోయి ఆయన చెంప నాకింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు గానీ, లేచి పారిపోలేదు.

మర్నాడు పొద్దున్నే బెల్లు మోగింది. చేతిలో కొలతల టేపు.

"లడ్డూగారి మూతి కొలత కావాలండి."