దేవయ్య చీటీ మీద వేసిన ముద్ర

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అంటే కుంగిపోయానని కాదు. బాగానే తిన్నాను, బాగానే నిద్రపోయాను. నా మీద నాకు అసహ్యం వేసేది అందుకే. పోయిన వారం నుంచి మాత్రం ముద్ద దిగడం లేదు. నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను పళ్ల డాక్టర్ని. మొఘల్‌పురాలో, రోడ్డు మీదికి షట్టరున్న గదిలో నా క్లినిక్. అప్పట్లో ఆ గది ఒక సేటుది. ఆయనకు నగరం చివర పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు ఉండేది. పనివాళ్లకు పంటినొప్పి వస్తే నా దగ్గరికే పంపేవాడు. ఎదురుపడితే చాయ్ తాగించకుండా వదిలేవాడు కాదు.

నేను చూసే నోళ్లలో చాలావాటికి గుట్కాయే రోగం. ప్రతి మందుల చీటీ మీదా అదే మాట రాయలేక ఒక రబ్బరు ముద్ర చేయించుకున్నాను. ‘గుట్కా, జర్దా వెంటనే మానాలి.’ ఊదారంగు సిరా. మందులు రాయడం, కింద ఠప్పున కొట్టడం. చెయ్యి దానంతట అదే ముద్ర మీదికి వెళ్లేది.

దేవయ్య ఆ షెడ్డులో కొలిమి దగ్గర పనిచేసేవాడు. చిగుళ్లు వాచాయి, బ్రష్ పెడితే రక్తం, ముందు పళ్లు రెండు కదులుతున్నాయి. నోరు తెరిపించి లైటు వేశాను. చిగురు అంచు వెంట, పళ్లకు ఆనుకుని, సన్నటి నీలిచార. గుట్కా మరక పంటికి పడుతుంది, గీకితే ఎంతో కొంత వస్తుంది. ఇది చిగురు లోపలిది. సీసం ఒంట్లో చేరితే ఇలాంటి గీత వస్తుందని కాలేజీలో బొమ్మ వేసి మరీ చెప్పారు. చూడగానే పోల్చుకున్నాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

రక్తపరీక్షకు రాయాలి. ఆ పనికి పోవద్దని చెప్పాలి. కానీ మందుల డబ్బులిచ్చేది సేటే కాబట్టి పనివాళ్ల చీటీలన్నీ ఆయన చూస్తాడు. చూస్తే ఏమవుతుంది? అంతకుముందు ఆరేళ్లు ఒక ఇరుకు సందులో, మేడమీద గదిలో ఈగలు తోలుకున్నవాణ్ని. ఈ షట్టరు పోతుందని భయపడ్డాను. భయం అనడం కూడా నన్ను నేను వెనకేసుకు రావడమేనా? స్వార్థం అనాలి. మందులు రాసి, కింద ముద్ర కొట్టాను.

మూడో రోజు మళ్లీ వచ్చాడు. చీటీ మడతలు విప్పి బల్ల మీద పెట్టాడు.

“సార్, గీ ముద్ర తీసేయుండ్రి. నేను గుట్కా తింటలేను.”

“ఎన్నడూ తినలేదా?”

“తిన్న. బాప్తిస్మం తీసుకున్న దినమే ఇడిసిపెట్టిన. చర్చిల అందరి ముందట నిలబడి సాక్ష్యం గూడ చెప్పిన. గిప్పుడు గీ చీటీ చూసి మా ఇంటామె, మరియ, మస్తు లొల్లి చేస్తున్నది. దొంగతనంగ తింటున్నవ్, దేవుని ముందట అబద్ధమాడినవ్ అంటున్నది. మా దాంట్ల ఒట్టు పెట్టద్దు సార్, లేకుంటే పిల్లల మీద ఒట్టు పెడుదును. మీరొక్క మాట చెప్పుండ్రి. డాక్టర్ సాబ్ మాటంటే ఇంటది.”

“నోట్లె కనిపిస్తున్నది గద దేవయ్యా. నేనేం చెయ్యాలె?”

చీటీని అవే మడతల్లో పెట్టి జేబులో వేసుకున్నాడు. నాకు నమస్తే పెట్టి మరీ వెళ్లాడు.

చర్చిలో ఆయనను సాక్ష్యం చెప్పడానికి పిలవడం మానేశారట. ఆ సంగతి షెడ్డువాళ్లే నా కుర్చీలో కూర్చుని నవ్వుతూ చెప్పారు. ఆ నీలిగీత వాళ్లలో కొందరి నోళ్లలోనూ చూశాను. వాళ్లు నిజంగానే గుట్కా తినేవాళ్లు, అందుకని ముద్ర కొట్టడం ఇంకా సులువైంది.

మూడేళ్లలో దేవయ్య పళ్లు ఒక్కొక్కటీ నేనే పీకాను. పళ్ల సెట్టు ఊరికే కట్టించి ఇచ్చాను. ఆవును చంపి చెప్పులు దానం చేసినట్టు. తర్వాత ఆయన చేతుల్లో పట్టు తప్పింది, కిడ్నీలు చెడిపోయాయి, నిరుడు పోయాడు. సీసం వల్లేనా? నాకు తెలియదు. తెలుసుకునే పరీక్ష నేనే రాయలేదు.

పోయిన వారం మరియ వచ్చింది, పన్ను విరిగి. అందరినీ అడిగేదే ఆమెనూ అడిగాను, గుట్కా, జర్దా అలవాటేమైనా ఉందా అని.

“నాకేముంటది సార్? అలవాటున్నాయన పోయె. ఆఖరి దినం గూడ ఒప్పుకోలే. ఒప్పుకో, దేవుడు మాఫ్ చేస్తడని చెయ్యి పట్టుకొని అడిగిన. తినలే మరియా, తినలే అనుకుంటనే పోయిండు. అబద్ధంతోని పోయిండు గద, ఏడికి పోయిండో ఏమో. గదే నా ఫికర్.”

నా ముఖానికి మాస్కు ఉంది. “నోరు తెరువమ్మా” అన్నాను.

సేటు షెడ్డు మూసేసి రెండేళ్లయింది. షట్టరు గది నేనే కొనుక్కున్నాను. ఇప్పుడు నిజం చెబితే నాకు పోయేదేమీ లేదు. అయినా ఎందుకు చెప్పలేదు? ఆమె నా వైపు చూస్తుంది కదా, ఆ చూపు పడలేక. భర్త నరకానికి పోయాడేమోనని ఒక మనిషి కుమిలిపోతుంటే, నేను ఆమె విరిగిన పన్ను సరిచేసి, వారం తర్వాత రమ్మన్నాను.

రేపు వస్తుంది. చెప్తానా? చెప్తానని మీకు మాటివ్వను. నా మాట ఏపాటిదో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. ఇది రాస్తుంటే కొంచెం ఊపిరాడుతోంది. ఆ ఊపిరి కూడా ముందు మరియకు అందాల్సింది, నాకు కాదు. ఇన్నేళ్లలో ఏ చీటీ మీదా రాయనిది ఇక్కడ రాస్తున్నాను.

దేవయ్య గుట్కా తినలేదు.