బాపు నేసిన కాఫీ గుడ్డ

రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. మాది ఆలేరు దగ్గర ఊరు, నేత ఇల్లు. బాపు మగ్గం మీద, అమ్మ రాట్నం ముందు. చదువుకుని ఉద్యోగానికి వచ్చింది నేనొక్కదాన్నే.

ఆ ఏడాదే కాలేజీ స్టోర్‌రూం ఖాళీ చేశారు. చెక్కపెట్టెలో పాత కాగితాల మధ్య రెండు గాజు బుడ్లు దొరికాయి. కిందిది గుండ్రంగా ఉంది, పైదానికి పొడవాటి గొట్టం. నల్లటి చెక్క పిడి ఉన్న స్టాండు, చిన్న స్పిరిటు దీపం.

"పాత సామాను మేడం, చెత్తల వేస్త" అన్నాడు అటెండరు. కానీ అది పగల్లేదు. ల్యాబు సామాను కూడా కాదు. ఎప్పుడో రిటైరైన మాస్టారొకరు దానితో కాఫీ కాచుకునేవారట. ప్రిన్సిపాల్‌ని అడిగితే తీసుకుపొమ్మన్నారు.

దాన్ని తయారుచేసినవాడికి మొక్కాలనిపించింది. ఒక్క కరెంటు తీగ లేదు. కింది బుడ్డిలో నీళ్లు పోసి దీపం వెలిగిస్తే, ఆవిరి తోపుడికి నీళ్లు గొట్టం వెంట పైకెక్కుతాయి. పైన కాఫీ పొడి. దీపం తీసేస్తే కింద ఆవిరి చల్లబడి, కాఫీని కిందికి లాగేస్తుంది. పొడి జారకుండా మధ్యలో గుడ్డ చుట్టిన బిళ్ల ఒకటి. అంతా గాజు కాబట్టి జరిగేదంతా కళ్లముందే జరుగుతుంది.

రెండు బుడ్ల మధ్య ఎండిపోయిన రబ్బరు బిగింపు బదులు కుక్కర్లు బాగుచేసే అతనితో కొత్తది కోయించాను. బిళ్ల మీది గుడ్డ చీకిపోయింది. దాని జాగాలో ఫిల్టర్ పేపరు పెట్టి, శనివారం స్టాఫ్‌రూంలో వెలిగించాను. నీళ్లు పైకెక్కితే అందరూ చప్పట్లు కొట్టారు. దీపం తీశాక కాఫీ దిగనంది. కాసేపటికి పేపరు చిరిగి బురదంతా కిందికొచ్చింది.

సీనియర్ లెక్చరర్ ఒకాయన నవ్వుతూ అన్నారు: "మీ వైపు చాయ్ కదమ్మా. కాఫీకి నాలుక ఉండాలి."

"నాలుక మాకు గూడ ఉన్నది సార్" అన్నాను.

తర్వాత వచ్చిన సెలవుల్లో బుడ్లను చీరల మధ్య చుట్టుకుని ఊరికి తీసుకుపోయాను. బాపు ఆ బిళ్లను వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"గిది గాజు పని కాదు బిడ్డా. గుడ్డ పని."

మగ్గం మీద తెల్ల నూలు పడుగు చివర జానెడు మిగిలి ఉంది. అడ్డనూలును దగ్గరికి కొట్టే దెబ్బను మార్చి మార్చి దాని మీద మూడు ముక్కలు నేశాడు. ఒకటి గట్టిగా, ఒకటి వదులుగా, ఒకటి నడిమిరకంగా. తొలి కాఫీ తాగిన అమ్మ మొహం చిట్లించింది.

"గంజి తాగినట్టే ఉన్నదే!"

నూలుకు పెట్టిన గంజి గుడ్డలో అట్లాగే ఉంది. అమ్మే మూడుసార్లు ఉడకబెట్టి, పిండి, ఆరేసింది. గట్టి నేతలోంచి కాఫీ దిగలేదు. వదులు నేతలోంచి పొడి జారింది. నడిమిదాంట్లోంచి ఎర్రగా, తేటగా దిగింది, కింది బుడ్డిలో చివరికి బుడగలు లేచాయి.

బాపు నోరు తెరిచి చూశాడు. "ఎవ్వరు గుంజుతున్నరే దాన్ని?"

"ఆవిరి సల్లబడితే లోపల ఖాళీ అయితది బాపు. గా ఖాళీయే గుంజుతది."

"ఖాళీకి గంత బలమా!" అన్నాడు. ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాడు. "చేదున్నది. నాకు చాయ్ పెట్టుండ్రి." ఆ సాయంత్రం వాడకట్టులో కనిపించిన ప్రతివాళ్లకీ ఆ నేత గురించే చెప్పాడు.

సెలవులయ్యాక మళ్లీ స్టాఫ్‌రూంలో వెలిగించాను. తొలి కప్పు అటెండరుకు, రెండోది ఊడ్చే అమ్మకు ఇచ్చాను. ఆమె గుమ్మం దగ్గరే నిలబడితే చెయ్యిపట్టి లోపల కూర్చోబెట్టాను. లెక్చరర్ ముఖం మాడ్చుకున్నారు. సోమవారం ప్రిన్సిపాల్ పిలిచి, స్టాఫ్‌రూంలో దీపాలు వెలిగించకూడదని చెప్పారు. సరేనన్నాను. వరండా చివర పాత బల్లొకటి ఉంది, దాని మీద వెలిగించాను. ప్రతి శనివారం. అటెండరు, ఊడ్చే అమ్మ, లైబ్రరీ మేడం వచ్చేవారు. చాలా వారాలకు లెక్చరర్ కూడా వచ్చి, తన వంతు వచ్చేదాకా నిలబడ్డారు. తాగి, ఆ గుడ్డ ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

"దొరకది సార్. మా బాపు నేసిండు."

ఇప్పుడు బాపుకు చూపు ఆనదు. పోయిన వేసవిలో గుడ్డ పలచబడితే నేనే మగ్గం గుంటలో కూర్చున్నాను. ఆయన పక్కన కూర్చుని చెవితోనే నా దెబ్బలు వింటూ సరిదిద్దాడు. చిన్న ముక్కకు రెండు రోజులు పట్టింది. బాపు అంచు మీద వేలు నడిపించి చూశాడు.

"వంకర వచ్చింది బిడ్డా. ఇప్పి మల్ల నెయ్యి."

"ఇప్పను బాపు. నా నేత గిట్లనే ఉంటది" అన్నాను. గంజి పోయేదాకా ఉడకబెట్టి, ఆ వంకర గుడ్డనే బిళ్లకు చుట్టాను. కాఫీ తేటగానే దిగింది.