కొల్లేటి గట్టు మీద అత్తయ్యగారి చలికాలం

పోయిన నెల ఒక శుక్రవారం ఉండి ఊళ్ళో ఒక కిరాణా కొట్టు ముందు ఉల్లిపాయల బస్తాలు దింపిస్తుండగా మావారు ఫోన్ చేశారు. "అమ్మ వెళ్ళిపోయింది" అన్నారు. అంతకు మించి చెప్పడం ఆయన వల్ల కాలేదు, అడగడం నా వల్లా కాలేదు. మధ్యాహ్నం భోజనం చేసి, మజ్జిగ తాగి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నావిడ మళ్ళీ లేవలేదట. బస్తాలు దిగేదాకా కొట్టాయన నన్ను స్టూలు మీద కూచోబెట్టి మంచినీళ్ళిచ్చారు. "ఇలాంటప్పుడు మీరెలా తోలతారండీ? మా వాణ్ణి పంపిస్తాను" అన్నారు. వద్దన్నాను. ఏలూరులో మా ఇంటి దాకా వ్యాను నేనే నడుపుకుంటూ వచ్చాను. నాకు డ్రైవింగు నేర్పించింది ఆవిడేనని ఆయనకేం తెలుసు?

పలకరింపులకు వచ్చినవాళ్ళలో చాలామంది తాడేపల్లిగూడెం వాళ్ళే. భర్త పోయాక ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టును ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషిగా మా అత్తగారు వాళ్ళకు తెలుసు. ఎంత రద్దీలోనైనా వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చాకే బేరం మొదలుపెట్టేవారని ఒకరు, తప్పు తూకం ఆ గడప దాటలేదని ఇంకొకరు తలచుకున్నారు. అన్నీ నిజమే. నాకు మాత్రం ఆవిడ కొల్లేటి ఒడ్డున ఒక పాత వ్యానులో పరిచయమయ్యారు. ఒకే ఇంట్లో దాదాపు రెండేళ్ళు ఉన్న తరువాత.

నేను కాపురానికి వచ్చేనాటికి మా ఇల్లు తాడేపల్లిగూడెం మార్కెట్లో, కొట్టు పైన ఉండేది. తెల్లవారకముందే లారీలు వచ్చి ఆగేవి. బస్తాలు దింపుతుంటే ఉల్లిపొట్టు గాలికి లేచి మెట్ల మీదుగా ఇంట్లోకి వచ్చేది. చలికాలం వస్తే మంచూ, పొట్టూ, లారీల పొగా కలిసి అత్తయ్యగారికి ఊపిరి అందేది కాదు. నాతో ఆవిడ మాటలు చాలా పొట్టిగా ఉండేవి. "అన్నం?" అంటే వండావా అని. "గ్యాసు" అంటే కట్టెయ్యమని. నేనేదైనా చెబితే తల ఊపి ఊరుకునేవారు. ఈవిడకు నేను నచ్చలేదని గట్టిగా అనుకున్నాను. మా అమ్మతో కూడా అలాగే చెప్పాను.

ఆ ఏడాది చలి మొదలవుతూనే ఏలూరు డాక్టరుగారు మావారిని పక్కకు పిలిచి, ఈ చలికాలం ఆవిడను మార్కెట్లో ఉంచితే తరువాత తన చేతుల్లో ఏమీ ఉండదని చెప్పారు. ఉంగుటూరులో ఆవిడకు ఆడపడుచు వరసయ్యే ఒకామె రమ్మంది. అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "చుట్టాలింట్లో ఒక నెల చుట్టం. రెండో నెల నుంచి మూలనున్న బస్తా" అన్నారు, మాట మాటకీ ఊపిరి తీసుకుంటూ. అద్దె ఇల్లూ వద్దన్నారు. చివరికి కొట్టు వెనక తిరగడం మానేసి పడి ఉన్న సరుకుల వ్యానును వేలితో చూపించారు. "అందులో ఉంటాను. ఎక్కడ గాలి బాగుంటే అక్కడ పెట్టు."

మావారు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. మర్నాడే లారీ బాడీలు కట్టే సాయిబుగారిని పిలిపించారు. ఆయన వ్యాను చుట్టూ తిరిగి, గడ్డం నిమురుకుని, "ఉల్లిపాయలకైతే చాలా బళ్ళు కట్టానమ్మా. మనుషులుండడానికి ఎప్పుడూ కట్టలేదండీ" అన్నారు.

"ఉల్లిపాయకీ గాలి కావాలి, నాకూ గాలి కావాలి. అలాగే కట్టండి."

సాయిబుగారికి ఆ మాట నచ్చింది. రెండు పక్కలా జాలీ కిటికీలు, గోడకి మడిచిపెట్టే బల్ల మంచాలు, కింద డబ్బాలకు అరలు, వెనక తలుపు దగ్గర కిరసనాయిలు స్టవ్వుకు రేకు గూడు అమర్చారు. ఎక్కి దిగడానికి రెండు చెక్కమెట్లు చేశారు. ఇంజనును మా కొట్టు డ్రైవరు బాగుచేయించాడు. అత్తయ్యగారు ఖాళీ వ్యానులో పీట వేసుకుని కూచుని, చెయ్యి ఎక్కడికి అందుతుందో ఆయనకు చూపించి మరీ అరలు కొట్టించారు. మార్కెట్లో అందరూ దాన్ని ఇల్లుబండి అన్నారు.

గుండుగొలను దగ్గర హైవే దిగి, లోపలికి చాలా దూరం వెళితే, కొల్లేటి ఒడ్డున మా ఖాతాదారు రైతుగారి కొబ్బరితోట ఉండేది. కార్తీకమాసం వెళ్ళగానే డ్రైవరు మమ్మల్ని అక్కడ దింపి వెళ్ళిపోయాడు. ఆవిడకు తోడు నేను. దగ్గర్లో తోట కాపలాదారు పాక, కాస్త అవతల మోటారు షెడ్డు, స్నానానికి కొబ్బరాకుల దడి. మావారు ఆదివారాలు వచ్చేవారు. శివరాత్రి ముందుదాకా ఇక్కడే అనేసరికి నాకు దిగులేసింది. ఆవిడతో ఏం మాట్లాడాలి?

మొదటి రోజు పొద్దున్నే మెట్ల మీద కూచుని అత్తయ్యగారు చెవులు రుద్దుకున్నారు. "ఇదేంటే అమ్మాయ్, ఏమీ వినపడ్డం లేదు?" లారీలు లేవు, హమాలీల కేకలు లేవు. మంచులోంచి ఎక్కడో కొంగ అరిచింది. "ఆఁ, వినపడుతోంది" అన్నారు తృప్తిగా. తరువాత చీపురు తీసుకుని వ్యాను ముందు నేల ఊడ్చి, చిన్న ముగ్గు పెట్టారు. కొల్లేటి గట్టున దొరికిన నత్తగుల్లలు తెచ్చి చుట్టూ వరస పేర్చారు. అక్కడి నుంచి అది మా వాకిలి. చెప్పులతో దాటితే కాపలాదారునైనా కోప్పడేవారు.

ఒక వారం గడిచేసరికి ఆవిడ వాక్యాలు పొడవు కావడం గమనించాను. ముందు రెండేసి మాటలు. తరువాత నాలుగైదు. ఒకరోజు వంకాయలు తరుగుతూ తన పెళ్ళిలో అప్పడాలు పొంగని కథ మొదలుపెట్టి, ఒక్కసారి మాత్రమే ఆగి, చివరిదాకా చెప్పేశారు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"ఏంటలా చూస్తున్నావు?"

"మీరిన్ని మాటలు మాట్లాడతారని నాకు తెలీదండీ."

ఆవిడ కత్తిపీట పక్కకు పెట్టారు. "మాటలు లేక కాదే. నువ్వొచ్చినప్పటి నుంచీ నీతో చెప్పాలనుకున్నవి బోల్డున్నాయి. ఊపిరి కొట్టుకే సరిపోయేది. పైకొచ్చేసరికి మిగిలేది కాదు." ఇంకో వంకాయ అందుకుంటూ, "నీకు కోపమొచ్చిందేమో కదా" అన్నారు. నేను స్టవ్వు వత్తులు సరిచేసే నెపంతో అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

డ్రైవింగు ఆలోచన ఆవిడదే. "బండిలో కాపురం ఉంటూ బండి కదపలేకపోతే ఎలా?" అని, ఆదివారం మావారితో డ్రైవరునూ రమ్మన్నారు. అతను తోటలోని మట్టిదారి మీద గేర్లు, బ్రేకు చూపించి వెళ్ళేవాడు. మిగతా రోజులు నా పక్క సీట్లో ఆవిడే కూచునేవారు. స్టీరింగు ఎప్పుడూ పట్టుకోని మనిషి, నాకు పాఠాలు చెప్పేవారు. "నీ చేతులు ఎక్కడికీ పోవు, వాటిని చూడకు. దారి చూడు." మూడుసార్లు కొబ్బరిచెట్టుకు గుద్దబోయాను. ఒక్కసారీ అరవలేదు. "చెట్టు బాగానే ఉంది, మళ్ళీ తియ్యి" అనేవారు.

వరి కోతలయ్యాక తోట పక్కన చేలోకి బాతుల వాళ్ళు వచ్చారు. నెల్లూరు వైపు నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాం. కోసిన చేలల్లో రాలిన గింజలు మేపుకుంటూ ఊరూరా తిరుగుతారు. టార్పాలిన్ గుడారం వేసుకుని, పెద్ద బాతులను నీళ్ళలోకి తోలి, పిల్లలను గంపల్లో ఉంచేవారు. మేము గుడ్డు ముట్టని ఇంటివాళ్ళం కాబట్టి ఆ గాలి మా వైపు వస్తే అత్తయ్యగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు. కానీ సాయంత్రం అయ్యేసరికి బాతులామెను పిలిచి మజ్జిగ పోసేవారు. "నువ్వూ తిరిగే ఇంటి మనిషివే, నేనూ తిరిగే ఇంటి మనిషినే" అని ఆవిడతో వరస కలిపారు.

పుష్యం రాకముందే ఒకసారి వాయుగుండం పట్టింది. రెండు రోజులు ఆగకుండా వాన. రెండో రోజు మధ్యాహ్నం మురుగుకాలవ పొంగి తోటలోకి నీళ్ళు తిరిగాయి. మా ముగ్గు ఎప్పుడో పోయింది, నత్తగుల్లల వరస కళ్ళ ముందే మునిగింది. కాపలాదారు గొడుగు లేకుండా పరిగెత్తుకొచ్చాడు. "అమ్మగారూ, బండిని గట్టెక్కించెయ్యాలండీ. ఇంకాసేపైతే చక్రాలు దిగబడిపోతాయి."

"డ్రైవరు లేడుగా" అన్నాను.

అత్తయ్యగారు నా వైపు చూశారు. "ఉంది కదా."

సీట్లోకి ఎక్కాను. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. బండి కదలగానే ఆవిడ "ఆగు" అన్నారు. పక్క చేలో గుడారం కూలిపోయి ఉంది. బాతులాయన, ఆయన భార్య ఆ టార్పాలిన్‌నే గంపల మీద కప్పి, తమ ఒళ్ళు అడ్డం పెట్టి నిలబడ్డారు. పెద్దవాటికి వానంటే పండగే. పిల్లలకు ఇంకా ఈకలు రాలేదు, తడిస్తే చలికి చచ్చిపోతాయి. ఆ ఏడాది వాళ్ళ బతుకంతా ఆ గంపల్లో ఉంది.

అత్తయ్యగారు కిటికీలోంచి తల బయటపెట్టి కేకేశారు. "గంపలన్నీ తెచ్చి ఇందులో ఎక్కించండి!"

బాతులామె దగ్గరకొచ్చి సందేహించింది. "అమ్మగారూ, మీరు ఇయ్యి తినేవాళ్ళు కాదు గదమ్మా. లోపల దేవుడి పటాలుండాయి..."

"తినను కాబట్టే నా దగ్గర భద్రంగా ఉంటాయి. ఎక్కించవే!"

మంచాల మీద, స్టవ్వు పక్కన, పటాల కింద అంతా గంపలే. వందల గొంతులు ఒక్కసారి కీచుకీచుమంటుంటే నేను గేరు వేశాను. గట్టు ఎక్కే చోట వెనక చక్రాలు తిరిగిపోయాయి. కాపలాదారు, బాతులాయన కొబ్బరిమట్టలు చక్రాల కింద తోసి, భుజాలు ఆనించి నెట్టారు. నా చూపు మళ్ళీ చేతుల మీదికి పోయింది. ఆవిడ చెయ్యి నా మోచేతి మీద పడింది. "దారి చూడు" అన్నారు, అంతే. బండి ఒక్క ఊపు ఊగి గట్టు మీదికి వచ్చింది. మేము వెనక్కి చూసేసరికి మేమున్న చోట కొబ్బరిచెట్ల మొదళ్ళు కనపడడం లేదు.

ఆ సాయంత్రం నాకు అసలు భయం మొదలైంది. తడి, ఈకల నూగు, ఆ వాసన. ఆవిడ ఛాతీ కీచుమనడం వినిపించింది. మందు పీల్చుకుని, ముందు సీట్లో కిటికీ కాస్త తెరుచుకుని కూచున్నారు. నేను అరచేత్తో వీపు రాస్తూ ఉంటే, "నన్నొదిలి ఆ పిల్లల్ని చూడు, ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయి" అన్నారు. మెల్లగా ఆయాసం తగ్గింది. తగ్గాక ముక్కు ఎగబీల్చి, "కుళ్ళిన ఉల్లిపాయల కన్నా నయమే" అని తేల్చారు.

మర్నాడు వాన తెరిపిచ్చాక మావారు ట్రాక్టరు పట్టుకుని వచ్చారు. వ్యాను తలుపు తీసి నిలబడిపోయారు. వాళ్ళమ్మ గొంతుక్కూచుని బాతుపిల్లలకు నానబెట్టిన నూకలు వేస్తున్నారు.

"అమ్మా! ఏంటిదంతా?"

"చుట్టాలు."

"బండి ఎవరు తోలారు?"

"ఎవరు తోలతారు? నీ భార్యే. ఇంత తోలగలిగినదాన్ని వంటింట్లో కూచోబెట్టడం మన బుద్ధితక్కువ."

ఆ మాటను ఆవిడ నిలబెట్టారు. మేము తిరిగి వెళ్ళాక ఊరూరా కొట్లకు సరుకు వేసే లైన్ వ్యాను నాకు అప్పగించారు. మార్కెట్లో నలుగురూ నాలుగు రకాలుగా అన్నారు. ఆవిడ వాళ్ళకూ ముందు మంచినీళ్ళిచ్చి, తరువాత, "సరుకు టైముకి అందిందా లేదా చెప్పండి, మిగతాది మీకెందుకండీ" అనేవారు. ఇవాళ ఉంగుటూరు నుంచి ఉండి దాకా కొట్లవాళ్ళు నన్ను పేరు పెట్టి పిలిచి కాఫీ ఇస్తున్నారంటే ఆ గట్టే కారణం.

పిల్లల్లో కొన్ని పోయాయి, చాలావరకు బతికాయి. బాతులామె ఒక గంపెడు గుడ్లు తెచ్చి కాళ్ళ దగ్గర పెడితే, "ఇవి నేనేం చేసుకోను? పొదిగించు. వచ్చే ఏడు వచ్చి లెక్క అడుగుతాను" అన్నారు. అన్నట్టే వెళ్ళాం. ఇంకా కొన్ని చలికాలాలు వెళ్ళాం. తరువాత తోట చేపలచెరువైంది, ఇల్లుబండి ఇంజను పాడైంది, మేము మార్కెట్ వదిలి ఏలూరులో మామిడిచెట్టున్న ఇంటికి మారాం. చివరిదాకా ఆవిడ నడుస్తూ, తింటూ, మాట్లాడుతూనే ఉన్నారు. ఆ డాక్టరుగారే పలకరింపుకు వచ్చి, "ఇన్నేళ్ళు ఉంటారని నేననుకోలేదమ్మా" అన్నారు.

ఆవిడను తలచుకుంటే నాకు ఆ మొదటి చలికాలం చివర్లో ఒక పొద్దున గుర్తొస్తుంది. మర్నాడు తాడేపల్లిగూడెం ప్రయాణం. గట్టు మీద నడకకు వెళ్ళాం. ఆవిడ ముందు, నేను వెనక. ఎండ అప్పుడే వస్తోంది. సంచిలాంటి ముక్కులున్న గూడబాతులు నీళ్ళ మీంచి బరువుగా లేస్తున్నాయి. ఆవిడ తన అత్తగారి కథ ఏదో ఎత్తుకున్నారు. అందులోంచి ఇంకో కథలోకి, దాంట్లోంచి మా మామగారి కోపంలోకి వెళ్ళిపోయారు. నేను ఆయాసం వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని ఆగిపోయాను. ఆవిడ చూసుకోలేదు. వెనకే ఉన్నాననుకుని చేతులు ఊపుతూ, తల తిప్పుతూ, మలుపు వైపు నడిచిపోతున్నారు. ఎదురుగాలి ఆవిడ గొంతును నా దాకా తెస్తోంది. మాటలు తెలియడం లేదు. గొంతు మాత్రం ఎక్కడా ఆగడం లేదు.