బ్యాటరీ నీళ్లు

గుట్టల మీది ఊళ్లకు వెలుగు తెచ్చినవాళ్లమని మమ్మల్ని సభలకు పిలిచి శాలువాలు కప్పేవాళ్లు. నాకూ ఒకటి కప్పారు. ఇస్త్రీ చేసేటప్పుడు కింద పరుచుకోవడానికి పనికొస్తోంది. రెండు మాటలు మాట్లాడమ్మా అని మైకు ఇస్తే మాత్రం తీసుకోను. తీసుకుంటే నా నోటికి ఏమొస్తుందో నాకు తెలుసు, పిలిచినవాళ్లకు తెలియదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఒక కంపెనీలో చేరి సోలార్ లైట్లు బిగించే పని నేర్చుకున్నాను. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, నల్లమల అంచున, కరెంటు స్తంభాలు అడవి దాటి రాలేని చిన్న చిన్న ఊళ్లు ఉండేవి. ఒక్కో ఇంటి కప్పు మీద ఒక పలక, లోపల ఒక బ్యాటరీ, రెండు బల్బులు. మేం తెచ్చిన వెలుగంటే అదే. ఆడమనిషి స్క్రూడ్రైవర్ పట్టుకుంటే చూడడానికి జనం మూగేవాళ్లు. మొదట్లో సిగ్గుపడ్డాను, తర్వాత కసిరాను, ఆ తర్వాత వాళ్లచేతే నిచ్చెన పట్టించాను.

నేను చెప్పే ఊరికి బండి సగం దూరమే పోతుంది. అక్కడి నుంచి రాళ్ల బాట. ఊరంతా ఒకే కులం, మేకలు కాసుకునేవాళ్లు. లైట్లు వస్తున్నాయంటే మొగవాళ్లంతా పరుగున దిగొచ్చి పలకలు నెత్తిన, బ్యాటరీలు భుజాన పెట్టుకుని పెళ్లి సామాను మోసినట్టు ఎక్కించారు. చివరికి బండి దగ్గర ఒక ఇంటి సామాను మిగిలిపోయింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

"ఇదెవరిది?" అని ఊరి పెద్దమనిషిని అడిగాను. తెల్లటి తలపాగా, నోట్లో చుట్ట, మాటలో ఎప్పుడూ తొందర లేని మనిషి.

"గది, కొసకున్న ఇంటిది బిడ్డా. గా ఇంటికి నిప్పు నీళ్లు బంద్ జేసినం. మావోళ్లెవ్వరు ముట్టరు" అన్నాడు.

నిప్పు నీళ్లు బంద్ అంటే ఏమిటో మా ఊళ్లోనూ విన్నాను. కులం నుంచి వెలేసిన ఇంటికి ఎవరూ నిప్పు ఇవ్వరు, నీళ్లు ఇవ్వరు, గడప తొక్కరు, పలకరించరు. ఆ ఇంటి ఆడమనిషి చేసిన నేరం ఒకటే. ఆమె కూతురు వేరే కులం అబ్బాయితో వెళ్లిపోయి నల్గొండ వైపు ఎక్కడో బత్తాయి తోటలో కాపురం పెట్టింది. పోయినదాన్ని చచ్చినట్టే లెక్కగట్టి పిట్టకు పెట్టమని పెద్దలు తీర్పు చెప్పారు. మా వైపు మనిషి చనిపోయిన మూడో రోజున అన్నం వండి బయట పెట్టి, కాకి ముట్టేదాకా కాచుకుంటారు. అదే పిట్టకు పెట్టడం. బతికున్న పిల్లకు ఎట్లా పెడతానని ఆ తల్లి ఎదురు తిరిగింది.

మా పని చూసే సార్ నన్ను పక్కకు పిలిచాడు. "వాళ్ల కులం పంచాయితీ మనకెందుకమ్మా? ఆ ఒక్క ఇల్లు వదిలెయ్."

"ప్రతి ఇంటికీ అని సభలో మీరే చెప్పారు కదా సార్."

"సభలో చెప్పేవన్నీ చేస్తామా?" అన్నాడు. ఆయన నా దగ్గర నిజం మాట్లాడిన రోజు అదొక్కటే.

పలక ఒకసారి, బ్యాటరీ ఒకసారి నేనే నెత్తిన పెట్టుకుని ఎక్కాను. ఊరు ఊరంతా అరుగుల మీద కూర్చుని చూసింది. బండరాళ్ల దగ్గర కాలు జారినప్పుడు ఎవడో నవ్వాడు కూడా. వాడి ఇంట్లో బల్బు బిగిస్తున్నప్పుడు ఇదే చేత్తో రెండు అంటిద్దామనిపించింది.

ఆ కొస ఇంట్లో ఆమె, ఆమె మొగుడు. బిడ్డ పోయిన కొన్నాళ్లకే ఆయన మేకలకు మండలు కొడుతూ చెట్టు మీది నుంచి పడ్డాడు. నడుము విరిగింది. దవాఖానలో చూసి ఇక లేవడని పంపించేశారు. నడుము కింద స్పర్శ లేదు. చాప మీద వెల్లకిలా పడుకుని కప్పుతో మాట్లాడుతుంటాడు. ఆయన కాళ్లకు గుడ్డలు చుట్టి ఉంటే, పుండ్లా అని అడిగాను.

"ఎలుకలు చెల్లె" అంది ఆమె. "చీకట్ల వచ్చి వేళ్లు కొరుక్కపోతున్నయి. కొరికేది ఆయనకు ఎర్కైతలేదు. నేను కన్ను మూస్తే సాలు. తెల్లారి చూస్తే చాపంత నెత్తురు."

 నూనె దీపం పెడితే తెల్లారేదాకా నిలవదట. ఒక్కతే ఎన్నాళ్లు మేలుకుంటుంది? అప్పటికే ఎడమ కాలికి రెండు వేళ్లు లేవు. బల్బు ఒకటి ఆయన కాళ్ల వైపే దింపి బిగించాను. స్విచ్చి వేస్తే ఆయన కళ్లు మూసుకున్నాడు. తర్వాత, "జర తగ్గియ్యరాదు మరదలా, ఎండల పండుకున్నట్టున్నది" అని ఎగతాళి చేశాడు. ఆమె నాకు చెంబుతో నీళ్లిచ్చింది. గుమ్మంలోకి వచ్చి, అరుగుల మీద అందరూ చూస్తుండగా, చెంబెత్తి గటగటా తాగాను.

బ్యాటరీ అంటే ఊరికే ఉండేది కాదు. అప్పుడప్పుడు మూతలు తీసి నీళ్లు పోయాలి. మామూలు నీళ్లు కాదు, మందుల షాపులో సూది మందుకు వాడే నీళ్లలాంటివి. ఊరికొక డబ్బా ఇచ్చేవాళ్లం, దాన్ని పెద్దమనిషి ఇంట్లో పెట్టేవాళ్లం. ఇంకో డబ్బా అడిగితే సార్ ఇవ్వలేదు. నేనే అందులోంచి ఒక సీసాలోకి వంపి ఆమెకు ఇచ్చి, ఎలా పోయాలో చూపించాను. "శుద్ధమైన నీళ్లే పోయాలక్కా, కుంట నీళ్లు పోస్తే చస్తుంది" అని గట్టిగా చెప్పాను. ఆ సీసా ఒక్కసారికి సరిపోతుంది. నేను మళ్లీ వచ్చేదాకా అది చాలనుకున్నాను. ఆ ఏడు వానలు విడవకుండా పట్టుకున్నాయి. కింద వాగు పొంగి బాట కోసేసింది. నెలల తరబడి ఆ గుట్ట ఎక్కలేకపోయాను.

వానలు వెనకబట్టాక వెళ్లేసరికి ఊళ్లో అన్ని లైట్లూ వెలుగుతున్నాయి, ఆ ఒక్కటి తప్ప. బ్యాటరీ మూత తీసి చూస్తే లోపల ఎర్రటి బురద, తెల్లటి తరక.

"ఏం పోశావక్కా?"

"దేవుని చెలిమె నీళ్లు" అంది. గుట్ట నెత్తిన గుండు కింద ఊట ఒకటి ఉంది. ఆ ఊరికి అంతకంటే శుద్ధమైన నీళ్లు లేవు. ఆమె ఒక్కపొద్దు ఉండి, తలస్నానం చేసి, తడి చీరతో పైకెక్కి తెచ్చి, గుడ్డ మడతలు పెట్టి వడగట్టి పోసింది. "గంత శుద్ధంగ దేవునికి గూడ పొయ్యలే చెల్లె. నీళ్లయితే నిండుగనే ఉన్నయి, లైటెందుకు పోయింది?"

 రాళ్ల ఉప్పులన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయని, దేవుడికి పనికొచ్చేది బ్యాటరీకి పనికిరాదని చెప్పాను. ఆమె తల ఊపింది, అర్థమై కాదు. ఆయన కాళ్ల గుడ్డలు ఇప్పుడు చిన్నగా చుట్టి ఉన్నాయి. చుట్టడానికి అంత లేదు మరి.

తిన్నగా పెద్దమనిషి ఇంటికి పోయాను. డబ్బాలో నీళ్లు సగం పైనే ఉన్నాయి.

"అడగరాలేదా ఆమె?"

"గడప బయట నిలవడి అడిగింది. ఇయ్యలే. నీళ్లంటె నీళ్లే గద బిడ్డా. కులం మాట తప్పుతనా?"

"బ్యాటరీకి పోసే నీళ్లు ఎవరు తాగుతారు పెద్దయ్యా? అక్కడ మనిషిని ఎలుకలు తింటున్నాయి!"

"గది ఆయన రాత" అని చుట్ట నిప్పు రాల్చాడు. ఆయన తల మీద మా కంపెనీ బల్బు చక్కగా వెలుగుతోంది. ఆ బల్బును పీకి నేల మీద కొట్టాలని చేతులు దురద పెట్టాయి.

పోలీసులకు చెబుదాం రమ్మంటే ఆమె రాలేదు. "పోలీసులొస్తరు, పోతరు. నేను గీడనే ఉండాలె చెల్లె" అంది. సార్‌కు చెబితే, తప్పుడు నీళ్లు పోసింది కనుక కొత్త బ్యాటరీ రాదన్నాడు. గట్టిగా గొడవ పెట్టుకుంటే ఒక మెట్టు దిగాడు. నీళ్లు పోసే పూచీ ఊరి పెద్దలు తీసుకుంటే ఇస్తాం, లేకపోతే పలక విప్పుకుని వచ్చెయ్, ఇంకో ఊరివాళ్లు అడుగుతున్నారు అన్నాడు. పెద్దమనిషి ఆ మాట విని ఒక పూట ఆలోచించి, పూచీ తీసుకుంటాం అన్నాడు. ఎప్పుడు? ఆమె పిట్టకు పెట్టిన తర్వాత.

కొత్త బ్యాటరీ మోసుకుని వెళ్లేసరికి పని అయిపోయింది. ఈసారి ఊరివాళ్లే నా నెత్తి మీంచి అందుకుని మోశారు. కొస ఇంటి ముందు అడ్డాకు విస్తర్లు చెల్లాచెదురుగా పడున్నాయి. ఉన్న రెండు మేకలు కోసి కులానికి భోజనం పెట్టిందట. తిన్నవాళ్లు బాగానే తిన్నారు.

"బతికున్న పిల్ల పేరు మీద పెడితే కాకి రాదనుకున్న చెల్లె" అంది బ్యాటరీ పక్కన చతికిలబడి. "వస్తనే ముట్టింది. దాని పేరు గూడ పూర్తిగ అననియ్యలే."

మొగుడు ఆరోజు ఎగతాళి చేయలేదు. మొహం గోడ వైపు పెట్టుకున్నాడు. లైటు వెలిగింది. ఎలుకలు రాలేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఎండలు ముదిరాక నీళ్ల మట్టం చూడడానికి మళ్లీ వెళ్లాను. పొద్దు గుంకుతోంది. నేను లోపల బ్యాటరీ మూతలు తీస్తున్నాను, ఆమె పక్కన డబ్బా పట్టుకుంది. బయట నుంచి, "అమ్మా" అని ఒక గొంతు.

ఆమె లేచింది. డబ్బా కింద పెట్టింది. ఒక్క అంగలో తలుపు దగ్గరికి పోయి మూసి గొళ్లెం పెట్టేసింది.

"అమ్మా, నేనే. నాయినకు దెబ్బ తాకిందని సంతల చెప్పిర్రు. నాకెవ్వరు చెప్పలే. ఒక్కసారి చూసిపోత."

"తియ్యే తలుపు!" అని ఆయన చాప మీది నుంచి అరిచాడు. "నా బిడ్డనే అది! తియ్యే!" మోచేతుల మీద పైకి లేవబోయి పడ్డాడు. కాళ్లు చాప మీద ఉన్నచోటనే ఉన్నాయి.

కిటికీ సందులోంచి చూశాను. సంచి చేత పట్టుకున్న చిన్నపిల్ల లాంటి మనిషి గుమ్మంలో నిలబడి ఉంది. కాస్త అవతల బండరాయి మీద పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు, చుట్ట వెలిగించుకుని, తొందర లేకుండా. చచ్చినది ఈ ఇంటి గడప తొక్కితే మళ్లీ నిప్పు నీళ్లు బంద్ అని ముందే చెప్పి పెట్టాడు.

"తియ్యక్కా, వాడి సంగతి నేను చూసుకుంటా" అన్నాను.

"నువ్వు రేపు పోతవ్ చెల్లె." గొళ్లెం మీద చెయ్యి తియ్యలేదు. "గీయన కాళ్లకు ఇంక వేళ్లు లేవు. ఇగ మడిమెలు కొరుకుతయి."

ఆయన అరవడం మానేసి ఏడవడం మొదలుపెట్టాడు. ఆ ఏడుపు బయటికి వినపడింది. పిల్ల తలుపు కొట్టడం మొదలుపెట్టింది. తల్లి నా చెయ్యి పట్టుకుని తలుపు దగ్గరికి లాగింది. "బయట ఎవరో ఉన్నరు. తోలుకపో" అంది, బయటికి వినపడేలా.

నేను వెళ్లడానికి తలుపు మనిషి పట్టేంత తీసి, సందులో తానే అడ్డం నిలబడింది. నేను దాటుతుండగా పిల్ల నా పక్క నుంచి చెయ్యి లోపలికి పెట్టి తల్లి మణికట్టు పట్టుకుంది. తల్లి ఆ వేళ్లను ఒక్కొక్కటే ఊడదీసింది. ఆ చేతిని బయటికి నెట్టి తలుపు వేసింది. పిల్ల గాజులు పగిలి గడప మీద పడ్డాయి. రాయి మీది మనిషి చూసి, తృప్తిగా ఉమ్మేసి, లేచి ఇంటికి పోయాడు.

ఆ పిల్లను నేనే కిందికి తీసుకొచ్చాను. తెచ్చిన బత్తాయిల సంచి గుమ్మం దగ్గర వదిలేద్దామంటే, వద్దు, అమ్మ మీదికి వస్తుంది అని తిరిగి మోసుకొచ్చింది. బాట పొడుగునా నేను పెద్దమనిషిని, సార్‌ని, ఆ కులాన్ని మొత్తాన్ని తిడుతూనే ఉన్నాను.  ఆమె నెత్తురు కారుతున్న చేతిని కొంగుతో అదిమి పట్టుకుని నడిచింది.

బండి ఎక్కాక నా వైపు తిరిగింది.

"అమ్మ చెయ్యి మస్తు సన్నగైందక్కా" అంది.