కట్టె పొట్టిది

ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు బస్సులో వస్తున్నాను. మధ్యాహ్నపు వేడికి అందరూ కునుకుతున్నారు. ఒళ్లో ఎయిర్ రైఫిల్ సంచీ ఉంది. పోటీల్లో నా గురి కుదరకపోవడానికి నా పొడుగు చేతులే కారణమని తోటివాళ్లందరూ అనేవారు. ఇక షూటింగ్ మానేద్దామనే అనుకున్నాను.

పక్కన బ్యాంకు గార్డు దుస్తుల్లో ఒక పెద్దాయన కూర్చున్నాడు. "ఏంది పాపా, తుపాకీనా?" అన్నాడు. నా బాధ చెప్పాను.

ఆయన నన్ను మోచెయ్యి మడవమని, తుపాకీ వెనక కట్టెను సంచీతోనే ఆ మడతలో ఆనించాడు. "ఇప్పుడు వేలు యాడికొస్తాందో చూడు" అన్నాడు. గుడ్డ మీంచే తడిమాను. నా వేలు ట్రిగ్గర్ దాటి ముందుకు పోయింది.

"నీ చేతులు బాగుండాయి పాపా. ఈ కట్టే శానా పొట్టిది. వెనక ఇంత చెక్క ఏయించుకో" అని రెండు వేళ్లు కలిపి మందం చూపించాడు.

ఆ మాట వింటూనే ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. కళ్లు తెరిచేసరికి కిటికీ పక్కన చీనీ తోటలు కదులుతున్నాయి. ఆయన ఎక్కడో దిగిపోయాడు.

వడ్రంగి చేత చెక్క వేయించాను, వేలు సరిగ్గా ట్రిగ్గర్ మీదికే వచ్చింది. మరి కొన్నేళ్లు పోటీలకు వెళ్లాను, పెద్దగా ఏమీ గెలవలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ తుపాకీని భుజానికి ఆనించి, ఏమీ కాల్చకుండా, కాసేపు అలాగే నిలబడతాను.