చేతులు మారే పళ్లెం

సహోదరీ సహోదరులారా, ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు. స్వస్థత వచ్చాకే సాక్ష్యం చెప్పడం మన సంఘంలో అలవాటు, నా చేతులు చూస్తే ఇంకా అలాగే ఉన్నాయి, మరి ఎందుకు లేచి నిలబడ్డానో నాకే సరిగా తెలియడం లేదు, అయినా చెప్పకుండా ఉండలేకపోతున్నాను!

సోరియాసిస్ వచ్చి నా అరచేతులు పగిలి పొలుసులు రాలడం మొదలైంది. ఇది అంటుకునే జబ్బు కాదని డాక్టరు చెప్పారు, హైటెక్ సిటీలో మా ఆఫీసు వాళ్లందరికీ నేను చెప్పాను, వాళ్లూ ఫోన్లలో చూసుకుని అవునన్నారు. అవునన్నవాళ్లే నా కీబోర్డు ముట్టుకోవాల్సి వస్తే టిష్యూ వెతుక్కునేవాళ్లు! సరే, అది ఆఫీసు. ఇక్కడ, ప్రభువు బల్ల రోజున ఆయన్ని తలుచుకుని తినే రొట్టె పళ్లెం మనం చేతి నుంచి చేతికి అందించుకుంటాం కదా, నా చేతిలోంచి తీసుకోబోయి పక్కనున్న అక్క ఒక్క క్షణం ఆగింది. తర్వాత తీసుకుంది పాపం, కానీ నా మనసు చివుక్కుమంది. అప్పటినుంచి వరస చివర, గోడ పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను, అక్కడైతే పళ్లెం ఎవరికీ అందించే పని లేదు.

ప్రార్థన మాత్రం మానలేదు. "ప్రభువా, కుష్ఠురోగిని చెయ్యి చాపి ముట్టావు కదా, నన్నొక్కసారి ముట్టవా తండ్రీ!" అని ఏడ్చేదాన్ని. జవాబు లేదు. నేను అడిగింది తప్పా, అడిగే తీరు తప్పా, ఏమీ అర్థమయ్యేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆఫీసు వాష్‌రూములో చేతులు కడుక్కుంటుంటే సబ్బు పగుళ్లలోకి దిగి భగ్గుమంది. నొప్పికో దుఃఖానికో తెలియదు, బావురుమన్నాను. అక్కడ నేల తుడుస్తున్న యాదమ్మ, బోరబండ నుంచి పనికి వచ్చే పెద్దావిడ, తుడిచే కర్ర గోడకు ఆనించి గబగబా వచ్చింది.

"ఏందమ్మా, గిట్ల ఏడుస్తున్నవ్? చేతులు సూపియ్యి."

"వద్దు యాదమ్మా, ముట్టుకోకు."

"అంటుకుంటదా?"

అంటుకోదని అందరికీ చెప్పిన నాకు అప్పుడు నోరే పెగల్లేదు సహోదరులారా!

"అంటుకుంటే అంటుకోనీ తియ్యి. ఇగ ఊకో బిడ్డా" అని నా రెండు చేతులూ పట్టుకుని, కొంగుతో మెల్లగా అద్ది, నా ఏడుపు ఆగేదాకా వదల్లేదు.

అంటుకోదని తెలిసినవాళ్లు దూరం జరిగితే, అంటుకుంటుందేమో అనుకుని కూడా ఆ తల్లి పట్టుకుందే! నేను ముట్టమన్నది యేసయ్యను, ముట్టినవేమో గాజుల చేతులు, ఆమె నుదుట ఎల్లమ్మ గుడిలో పెట్టుకున్న పసుపు ఇంకా అలాగే ఉంది. దీన్ని ఏమనాలి? మన సంఘంలో ఒక పెద్దమ్మగారిని అడిగితే "అది మంచితనం అమ్మా, దేవుని కార్యం వేరు" అన్నారు. కావచ్చు, నాకు అంత వాక్యజ్ఞానం లేదు. కానీ ఆ పూట నా గుండెల మీద బరువు దించింది ఆయన కాకపోతే మరెవరు? ఎంత ఆలోచించినా తికమకగానే ఉంది, తికమకలోనే ఏడుపూ వస్తోంది, సంతోషమూ వస్తోంది, దేవునికే మహిమ!

చేతులు మానలేదు, మందులు వాడుతున్నాను, మీరూ ప్రార్థించండి. నాకు విడుదల దొరికింది ఆ గోడ పక్క చోటు నుంచి. కాసేపట్లో ప్రభువు బల్ల మొదలవుతుంది. ఈరోజు నేను వరస మధ్యలో కూర్చుంటాను, పళ్లెం నా చేతుల్లోకి వస్తుంది. యేసయ్య మీద భారం వేసి, ఎవరైనా వచ్చి నా పక్కన కూర్చోండి.